మిరపతోట ట్యాంకు

రెంటచింతల,
జూన్ పదకొండు.

చిరంజీవి బెంజిమిన్‌ను ప్రభువు చల్లగా కాపాడాలని కోరుతూ అమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అన్నం తింటున్నాం, గుడికి పోతున్నాం, అంతవరకు నిజం. నీ భార్య షారోన్‌కు జ్వరం తగ్గింది. ఎండలే తగ్గలేదు. జైల్లో మీకు ఫ్యానుందా? మొన్న ములాఖత్‌లో అడగడం మరిచిపోయాను.

నీ ఉత్తరంలో మొదటి ప్రశ్న, "ఏసోబు ఇంకా బతికే ఉన్నాడా?" అని. అమ్మ ఎట్లా ఉందో అడగాలని తోచలేదట్రా నీకు? బతికే ఉన్నాడు. నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నాడు. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. నడుమ మూడు వేళ్ళూ నీ వేటకొడవలి దెబ్బకు వాళ్ళ వాకిట్లోనే పడ్డాయి. ఆదెమ్మ మొగుడి వేళ్ళను కొంగులో ఏరుకుని పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఐసుంటే ఇయ్యి, అతికిస్తారంట" అని నా కాళ్ళ దగ్గర కూలబడింది. ఇచ్చాను. అతకలేదు.

రెండో మాట, తమ్ముడితో పని పూర్తి చేయించమన్నావు. "మన పుట్టగొడుగుల్లో విషం కొట్టినోణ్ణి వదిలితే మనం మొగోళ్ళమేనా" అని రాశావు. నువ్వు చెప్పక్కర్లేదు. ఆరోగ్యస్వామి రెండు రోజులుగా కొడవలి నూరుతూనే ఉన్నాడు. ఏసోబును రేపు ఇంటికి పంపిస్తున్నారు.

ఇక అసలు సంగతి. ములాఖత్‌లో పక్కన పోలీసులుండి చెప్పలేదని అనుకుంటావేమో. వాళ్ళు లేకపోయినా నాకు నోరు వచ్చేది కాదు.

పుట్టగొడుగుల విత్తనం కోసం మే నెలలో నువ్వు గుంటూరు పోయి వారం ఉన్నావు కదా. ఆ వారమే పాకలో తుంపర్లు కొట్టే మోటారు కాలిపోయింది. గడ్డి సంచులు ఎండిపోతున్నాయి, పుట్టిన మొగ్గలు పుట్టినట్టే వాడుతున్నాయి. అటక మీద మిరపతోటకు మందు కొట్టే నీ ట్యాంకు కనబడింది. సబ్బుతో మూడుసార్లు కడిగి వాసన చూశాను, ఏమీ లేదు. ఊళ్ళో పెళ్ళి పందిళ్ళకు అదే ట్యాంకులతో నీళ్ళు చల్లుతుంటే చూస్తూ పెరిగినదాన్ని, నాకేం అనుమానం వస్తుంది? వారం పాటు రోజుకు మూడు పూటలా దాంతోనే కొట్టాను. నువ్వొచ్చి కాపు చూసి ఎంత మురిసిపోయావో! నేనూ మురిసిపోయాను. ట్యాంకు మాట ఎత్తలేదు.

పేటలో పురుగుమందుల్లేని సరుకని మన పుట్టగొడుగులు అమ్మే అపర్ణ గారు వాటిని పరీక్షకు పంపి, ఆ కాగితం తెచ్చి మన అరుగు మీద కొట్టి పోయింది. షారోన్ అందులో ఉన్న మందు పేరు పైకి చదివింది. మిరపకు తామరపురుగు పట్టినప్పుడు నువ్వు కొట్టిన మందే. నాకు అప్పుడే తెలిసిపోయింది. నీకు మాత్రం ఏసోబుతో మనకున్న దారి తగాదా గుర్తొచ్చింది. "ఇది ఏసోబు పనే, పాకలో దూరి కొట్టాడు" అని కొడవలి అందుకున్నావు. గుమ్మంలో అడ్డంగా ఉన్నది నేనే. "నేనురా" అంటే చాలు. కోడలి ముందు పరువు పోతుందని నోరు మూసుకుని పక్కకు జరిగాను. తిట్టి వస్తావులే అనుకున్నాను. అది కూడా అబద్ధం, నీ చేతిలో ఏముందో చూశాను కదా. ఛీ, నా బతుకు!

పొద్దున నీ తమ్ముడికి చెప్పాను. "నువ్వు కొట్టడమేందమ్మా?" అన్నాడు. తర్వాత పాకలో పడి సంచులన్నీ నరికాడు. గడ్డి, పుట్టగొడుగులు తుక్కుతుక్కు చేసి, అదే కొడవలితో నా మీదికొచ్చాడు. "తప్పు మనదని ఊళ్ళో చెప్పుకోమంటావా? నోరు మూసుకో. వాడు ఎట్టాగూ పగోడే, రేపు రానీ" అన్నాడు. నిజం చెబితే ఆగుతాడనుకున్న నేను ఎంత పిచ్చిదాన్ని!

అక్కణ్ణుంచి తిన్నగా ఆదెమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. చెప్పు తీసుకుని కొట్టింది. పెదవి చిట్లింది, ఒక పన్ను కదులుతోంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. తను అలిసిపోయాక ఇద్దరం స్టేషన్‌కు పోయాం, ఆ మందు కొట్టింది నేనేనని రాసిచ్చి వచ్చాను.

రేపు ఏసోబును తీసుకురావడానికి ఆదెమ్మతో నేనూ పోతున్నాను. తిరుగు ప్రయాణంలో ఆటోలో వాణ్ణి నడుమ కూర్చోబెట్టి నేను ఈ చివర కూర్చుంటాను. కొడవలి ఎత్తితే ముందు తెగేది కన్నతల్లి మెడేనని ఇంటికొచ్చాక నీ తమ్ముడికి చెప్పాను. వాడు మొహం తిప్పుకుని పోయాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు.

నువ్వు కూడా విను. బెయిలు వచ్చిన రోజు ఏసోబు జోలికి పోవద్దు. విషం కొట్టింది నేను. నేను ఇంట్లోనే ఉంటాను, నా దగ్గరికి రా.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
మణెమ్మ