విత్తనానికి దాచిన పాచి

నాన్నా,

నేను తొట్లలో పెంచే స్పిరులినాకి లేబొరేటరీ రిపోర్టు ఈరోజు వచ్చింది. పొడి తినడానికి పనికొస్తుందని రాశారు. మాంసకృత్తులూ ఇనుమూ బాగానే ఉన్నాయట. ఈ మాట ముందు నీకే చెప్పాలనిపించింది.

నీ ఉద్యోగమంతా ప్లాంటులో కూలింగ్ టవర్ల నీళ్లకు పాచి పట్టకుండా మందు కలపడమే. అందుకే నేను రుఆబాంధా కాలనీలో షెడ్డు తీసుకుని తొట్లు కట్టించిన రోజు నువ్వు గేటు దగ్గరే ఆగిపోయావు. "జీవితమంతా నాను పాచిని సంపితే, నువ్వు పెంచుతావేటమ్మా?" అన్నావు. లోపలికి రాలేదు. స్పిరులినా అని నేనూ, పాచి అని నువ్వూ చివరిదాకా వాదించుకుంటూనే ఉన్నాం.

రిపోర్టు చూపిద్దామని ఇంటికి వెళ్తే అమ్మ కూలర్ కడగమంది. నువ్వు పోయాక ఇదే మొదటి ఎండాకాలం. కూలర్ వెనక కిటికీలో, ఎండ తగిలేచోట, ఒక ఆవకాయ సీసా కనిపించింది. నిండా ఆకుపచ్చ నీళ్లు. గాలి ఆడటానికి మూతకు మేకుతో చిల్లులు పొడిచి ఉన్నాయి. పారబోయబోతుంటే అమ్మ ఆపింది.

"ఉండనీ. నిరుడు కూలర్ కడిగినప్పుడు మీ నాన్న దాచినారు. మన పాపకి తొట్లో విత్తనానికి పనికొస్తాది అన్నారు. నీళ్లు తగ్గినప్పుడల్లా నానే పోస్తన్నాను."

అది స్పిరులినా కాదు నాన్నా. కూలర్‌కి పట్టే మామూలు పాచి. తొట్లో పడితే నా పంటంతా పాడవుతుంది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. ఇవాళ్టి నీళ్లు నేనే పోసి, సీసాను మళ్లీ ఎండలో పెట్టి వచ్చాను.