మా పెరట్లో చిగురేసిన పెళ్లి రాట

గౌరవనీయులైన ఉద్యాన విభాగపు అధికారి గారి సముఖమునకు,

నీలాద్రి కాలనీ, దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీ నగర్ దారి, హైదరాబాదు వాస్తవ్యుడు, విశ్రాంత సూపరింటెండెంటు కె. రామమోహనరావు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి పెరటిలోని కోనోకార్పస్ చెట్టును తొలగించుటకు అనుమతి కోరుట – నాలుగవ పర్యాయము – గురించి.

సూచిక: 1) నా మొదటి, రెండవ, మూడవ అర్జీలు. 2) "సదరు వృక్షము భక్తుల మనోభావాలతో ముడిపడి ఉన్నందున తొలగింపునకు అనుమతి ఇవ్వజాలము" అని తమ కార్యాలయం వారు పంపిన ఎండార్స్‌మెంటు.

పై విషయమై సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, వినయం మొదటి మూడు అర్జీలతోనే ఖర్చయిపోయింది. ఇక మిగిలినది ఒక చెట్టు, దాని పక్క గదిలో ఊపిరి కోసం కొట్టుకుంటున్న ఐదేళ్ల మా మనుమరాలు తన్మయి. వివరాలు దిగువ పొందుపరచడమైనది.

1. సదరు చెట్టును మేము మొక్కగా నాటలేదు. ఏడేళ్ల క్రితం మా అమ్మాయి బిందుమాధవి పెళ్లికి పందిరి రాటగా పాతాము. మాది బాపట్ల వైపు. పెళ్లికి ముందు మంచిరోజు చూసి, గోతిలో పాలు పోసి, నవధాన్యాలు వేసి, పచ్చి కర్రకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, ముత్తైదువలు తలా ఒక చెయ్యి వేసి రాట పాతడం మా ఆచారం. పదహారు రోజుల పండుగ కాగానే తీసేస్తారు. పురోహితుడు గారు పాలుగారే చెట్టు కొమ్మ తెమ్మన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అటువంటి చెట్టు కోసం ఒక పూటంతా తిరిగాను. ముహూర్తం దాటిపోతోందని ఇంటి నుంచి ఫోను మీద ఫోను. ఆ సమయంలో మెయిన్ రోడ్డు డివైడరు మీద తమ విభాగం వారే ఈ జాతి చెట్లు కత్తిరిస్తూ కనబడ్డారు. ఒక నిలువు కొమ్మ అడిగితే ఇచ్చారు. నిటారుగా, నున్నగా ఉంది. పురోహితుడు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "హైదరాబాదులో ఇంతేనండి, కానివ్వండి" అన్నారు. కానిచ్చాము.

పదహారు రోజుల పండుగనాడు తీయబోతే రాట చిగురేసి ఉంది. నా భార్య సూర్యప్రభ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "రాట చిగిర్చిన పెళ్లి ఎక్కడైనా చూశారా? ఇది పచ్చగా ఉన్నన్నాళ్లూ అమ్మాయి కాపురం పచ్చగా ఉంటుందండీ. మీరు చెయ్యి వేశారంటే ఊరుకోను" అన్నది. వచ్చిన చుట్టాలందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను ఊరుకున్నాను.

2. ఇది సముద్రతీరపు చెట్టట. ఎక్కడో విదేశాల్లో ఉప్పునీటి బురదలో పెరిగేదట. నేనూ తీరంలో పుట్టినవాణ్ణే. మా వైపు సరుగుడు తోటలు కూడా వేగంగానే పెరుగుతాయి. కాని వాటికి ఒక మర్యాద ఉంది, పెరిగాక కొట్టించుకుంటాయి. ఇది మొదటి ఏడాది కిటికీ దాటింది, రెండో ఏడాది సన్‌షేడు దాటింది, ఆ పైన వాటర్ ట్యాంకు మీదికి ఎక్కి కూర్చుంది. ఒక కొమ్మ కొడితే అదే చోట నాలుగు పిలకలు వేస్తుంది. నేల మీద ఇంత ఉంటే నేల కింద ఎంత ఉందో మా సంపును అడగాలి. సంపు రెండుసార్లు పగిలింది. మూడోసారి బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ లోపలికి తొంగి చూసి, పనిముట్లు సర్దుకొని వెళ్లిపోయాడు.

3. మా వెనుక ఇంటి మట్టయ్య నల్లగొండ జిల్లా వాడు, సెంట్రింగ్ కాంట్రాక్టరు. ఆయన గోడ ఇటు నుంచి వేళ్లు తోసిన తోపుకు అటు ఒరిగింది. ఒరిగిన గోడ కింద ఆయన తల్లి సైదమ్మ మంచం ఉండేది. దాన్ని వంటింట్లోకి మార్చారు. వయసు మళ్లిన మనిషి గ్యాస్ సిలిండరు పక్కన పడుకుంటున్నది. మట్టయ్య మంచివాడు గనుక ఇంతవరకు మా మీద కేసు పెట్టలేదు. ఒకరోజు గోడ మీద నుంచి పిలిచాడు.

"సార్, గీ చెట్టేంది సార్ గిట్ల పెరుగుతది? మా బాత్రూం జాలీల నుంచి ఏర్లు ఒస్తున్నయ్. పొద్దుగాల తానానికి పోవాల్నంటే కత్తి పట్టుకొని పోవాల్సొస్తుంది."

"అనుమతి కోసం అర్జీ పెట్టాను మట్టయ్యా."

"అర్జీ పెట్టి ఎన్ని రోజులాయె సార్? గా కాయితం కూడ చిగురేసినట్టున్నది."

ఈ మాటకు జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

4. బిందుమాధవి, తన్మయి పడుకునే గదికి ఉన్న ఒకే ఒక కిటికీ పెరటి వైపు తెరుచుకుంటుంది. ముందు గదులు కిరాయికి ఇచ్చాము. చెట్టు పూసే రోజుల్లో కిటికీ తీస్తే పుప్పొడికి పిల్ల ఈలవేసినట్టు ఊపిరి తీస్తుంది, మూస్తే ఉక్కలో ఏడుస్తుంది. డాక్టరు గారు మందులు రాసి, ఇంటి దగ్గర ఏమైనా చెట్లున్నాయా అని అడిగారు. చెప్పాను. "మరి తీయించండి" అన్నారు, ఏదో చొక్కా తీసెయ్యమన్నంత తేలిగ్గా. ఆయనకు తమ కార్యాలయం సంగతి తెలియదు. మా తన్మయికి తెలిసిన బొమ్మల పేర్లకన్నా నెబ్యులైజరు గొట్టాల పేర్లు ఎక్కువ. దాని బొమ్మకు కూడా మాస్కు పెడుతుంది. ఇది చూసి నవ్వాలో ఏడవాలో తెలియక వాకిట్లోకి వెళ్లి నిలబడుతున్నాను.

5. సూర్యప్రభ ప్రతి శుక్రవారం రాటకు పసుపు రాసి బొట్టు పెట్టేది. అది చూసి వీధిలో ఆడవాళ్లు పెట్టారు. పక్క హాస్టలులో కోచింగుకని ఉండే ఒక అమ్మాయి దారం కట్టింది, ఆ నెలలోనే సంబంధం కుదిరింది. అంతే, ఆ కబురు హయత్‌నగర్ వెళ్లింది, అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట్ వెళ్లింది. ఇప్పుడు శుక్రవారం వస్తే సందు గేటు తోసుకొని, చెప్పులు మా వంటింటి మెట్ల మీద వదిలి, పెళ్లికాని పిల్లలు, వాళ్ల తల్లులు ప్రదక్షిణలు చేస్తున్నారు. "కల్యాణ వృక్షం" అని ఎవరో ఫ్లెక్సీ కట్టారు. అందులో కాలనీ నాయకుడొకాయన బొమ్మ చెట్టుకన్నా పెద్దది. మా పెరట్లో మా లుంగీలు ఆరేసుకోవద్దని, పవిత్రత దెబ్బతింటుందని ఆయన నాకు ఫోను చేసి చెప్పారు.

6. నా రెండో అర్జీ మీద విచారణకు తమ ఫీల్డ్ అసిస్టెంటు తిరుపతి గారు వచ్చారు. టేపుతో మాను కొలిచారు, ఫొటోలు తీశారు. గోడ చూపించాను, సంపు చూపించాను, పిల్ల మందుల చీటీలు చూపించాను. అన్నింటికీ తల ఊపారు. హమ్మయ్య, మనిషి అన్నవాడు వచ్చాడు అనుకున్నాను. కాఫీ తాగి లేచి, చెప్పులు విడిచి, జేబులో నుంచి పసుపు దారం తీశారు.

"సార్, ఏమనుకోకుండ్రి. మా చెల్లెకు సంబంధాలు కుదుర్తలేవు. జర ఒక్క దారం కట్టిపోతా."

కట్టారు. తరువాత ఆయన రాసిన విచారణ నివేదికే తమ ఎండార్స్‌మెంటుకు ఆధారం. ఆయన చెల్లెలికి సంబంధం కుదిరింది కూడా. మాకు లడ్డూల పెట్టె వచ్చింది. విచారణాధికారి దారం విచారణలో ఉన్న చెట్టుకే వేలాడుతుండగా ఆ నివేదిక ఏ నిబంధన ప్రకారం చెల్లుతుందో తెలుపగలరు. సర్వీసంతా ఫైళ్ల మధ్యనే గడిపినవాణ్ణి. "ఇవ్వజాలము" అంటే ఎవరూ చదవలేదని అర్థమని నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

7. ఈ జాతి మొక్కలు ఇకపై ఎవరూ నాటరాదని తమ కార్యాలయం గోడకే నోటీసు అంటించి ఉన్నది. మూడో అర్జీ ఇవ్వడానికి వచ్చినప్పుడు దాని కిందనే నిలబడ్డాను. నాటితే తప్పు, కొడితే తప్పు. మధ్యలో ఉన్న మేము ఏం చేయాలో ఆ నోటీసులో లేదు.

8. ఇక అసలు సంగతి. ఈ రాట ఎవరి పెళ్లికి పాతామో ఆ పెళ్లి నాలుగేళ్ల క్రితం కోర్టులో రద్దయింది. కారణాలు తమకు అనవసరం. బిందుమాధవి పిల్లను తీసుకొని మా ఇంటికి వచ్చేసింది. ఇక్కడే కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్నది, ఎవరికీ భారంగా లేదు. అక్కడ దాని కాపురం కూలుతున్నన్నాళ్లూ ఇక్కడ సూర్యప్రభ ఈ చెట్టుకు బిందెలతో నీళ్లు పోసింది. చెట్టు పెరిగింది.

ఈ సంగతి మేము ఎవరి దగ్గరా దాచలేదు. వచ్చినవాళ్లకు నేనే చెప్పాను: అమ్మా, ఇది పెళ్లిళ్లు నిలబెట్టే చెట్టు కాదు, దీని సొంత పెళ్లే నిలబడలేదు అని. ఎవరూ వినలేదు. పోయిన శుక్రవారం బిందుమాధవి పెరట్లో పిల్ల బట్టలు ఆరేస్తున్నది. హయత్‌నగర్ నుంచి వచ్చినావిడ ప్రదక్షిణ ఆపి, తన పక్కనున్నామెతో, వినబడేటట్టుగానే అన్నది:

"గా పిల్ల నసీబే గట్లుంది, చెట్టేం జేస్తది?"

నేను వంటింటి కిటికీలో నుంచి విన్నాను. బిందుమాధవి క్లిప్పులు పెట్టడం పూర్తిచేసి, ఖాళీ బకెట్టు తీసుకొని లోపలికి వచ్చింది. గది తలుపు వేసుకుంది, కిటికీ కూడా వేసుకుంది. ఆవేళ క్లాసుకు వెళ్లలేదు.

అయ్యా, నా కూతురి ఇంట్లో, నా కూతురి పెరట్లో, నా కూతురి పెళ్లి రాట చుట్టూ తిరుగుతూ దాన్ని దురదృష్టవంతురాలనడానికి వీళ్లెవరు? వీళ్ల మనోభావాలకు తమ దగ్గర ఫైలుంది. మా పిల్ల మనోభావానికి ఏ సెక్షన్లో అర్జీ పెట్టాలి? దానికి గుమాస్తా ఎవరు? ఒళ్లు మండిపోతున్నది. ఇంతకన్నా మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

కావున, పై పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, సదరు చెట్టును తొలగించుటకు వెంటనే అనుమతి ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఈసారి విచారణకు పంపేవారికి పెళ్లికాని చెల్లెళ్లు లేకుండా చూడవలసిందిగా కూడా కోరుతున్నాను.

చిత్తగించవలెను. ఇదివరకటి మూడింటినీ చిత్తగించి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

ఇంతవరకు
తమ విధేయుడు,
కె. రామమోహనరావు

తా.క.: పై అర్జీని కవర్లో పెట్టే ముందు సూర్యప్రభకు చదివి వినిపించాను. ఎనిమిదో అంశం దగ్గర ఆపమన్నది. హయత్‌నగర్ ఆవిడ మాట సంగతి తనకు అంతవరకు తెలియదు.

"అమ్మాయి విన్నదా?" అని అడిగింది.

"విన్నది."

సూర్యప్రభ లేచింది. పెరట్లోకి వెళ్లి, చెట్టు ముందు నిలబడి, కొంగుతో మాను మీద పసుపు తుడవడం మొదలుపెట్టింది. ఏళ్ల పసుపు, అంత తొందరగా పోదు. తుడుస్తూనే నాతో అన్నది: "మీరు నాలుగుసార్లూ చెట్టు, చెట్టు అని ఎందుకు రాశారండీ? చెట్టని రాస్తే వాళ్లు అనుమతి అనే అంటారు. ఇది మనం పాతిన రాట. పదహారు రోజుల పండక్కి తియ్యాల్సింది, నేనే అడ్డంపడ్డాను. ఇప్పుడు తీద్దాం. ఇంట్లో రాట తీసుకోవడానికి ఎవరైనా ఆఫీసుకి అర్జీ పెట్టుకుంటారా?"

సర్వీసంతా నేను చదివిన జీవోల్లో ఇంత స్పష్టమైనది ఒక్కటీ లేదు. సూర్యప్రభ మంచిరోజు చూడటానికి పంచాంగం తీయబోతే బిందుమాధవి, "ఆదివారం నాకు సెలవమ్మా, అదే మంచిరోజు" అన్నది. మట్టయ్యను గోడ మీద నుంచి పిలిచి చెప్పాను. "రంపం ఉన్నది, మనుషులున్నరు సార్. సెంట్రింగ్ పని ఆపుకొని ఒస్తా. మా అమ్మ మంచం కూడ ఆ రోజే మల్ల ఏసుకుంటం" అన్నాడు.

కావున పై అర్జీని ఉపసంహరించుకొనడమైనది. దాని స్థానంలో దిగువ ఆహ్వానాన్ని స్వీకరించగలరు.

వచ్చే ఆదివారం ఉదయం మా స్వగృహమందు జరుగు పందిరి రాట తీయు కార్యక్రమమునకు తమరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, మా ఆతిథ్యం స్వీకరించి మమ్ము ఆనందింపజేయ ప్రార్థన. కొబ్బరికాయ మేము కొడతాము. జరిమానా రసీదు పుస్తకం తమరు తెచ్చుకొనగలరు. తిరుపతి గారు తన దారం ముందుగా వచ్చి విప్పుకుపోవచ్చు.

రాట మీద మొదటి వేటు వేయువారు: బిందుమాధవి.

పెళ్లి శుభలేఖలో దాని పేరు ముందు చి.ల.సౌ. అని వేయించాము. ఈసారి ఏమి వేయమంటావని అడిగితే, ఏమీ వద్దు నాన్నా, ఉత్త పేరు చాలు అన్నది.