లాడ్ బజార్లో పుట్టింటి గాజులు

2012, ఆదివారం

నా బావమరిది ఈ రోజు మమ్మల్ని చార్మినార్ చూపిస్తానని కారెక్కించుకు పోయాడు. ఏళ్లుగా మా గడప తొక్కని మనిషి. పక్కన ఎయిర్‌పోర్టు వచ్చి భూముల ధరలు పెరిగాక వాడి కన్ను మామిడిపల్లి చేను మీద పడింది. మా పెళ్లిలో మామ నా భార్య సుగుణకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన చేను అది.

చార్మినార్ పైకెక్కి, "చూడు బావా, పట్నం ఎంత పెరిగిందో! నువ్వింకా జొన్నలు జొన్నలంటవేంది?" అన్నాడు.

కిందికి దిగి లాడ్ బజార్లో అక్కకు రాళ్ల గాజులు కొన్నాడు. ముత్తైదువ చెయ్యి బోసిగా ఉండకూడదని గాజులామె చేతికొక పాత మట్టిగాజు ఉంచి, కొత్తవి తొడిగింది. వెంటనే వాడు, "పుట్టింటి గాజులు తొడుక్కున్నవ్ అక్కా, రేపు చేను కాయితాలు తెస్త. సంతకం పెట్టనంటవా ఇగ?" అన్నాడు. సుగుణ నవ్వింది. ఆ నవ్వుకు దారి పొడుగునా నాకు ఒళ్లు మండింది.

ఇంటికి రాగానే సుగుణ రాళ్ల గాజులన్నీ తీసి డబ్బాలో పెట్టింది. చేతికొక మట్టిగాజు మిగిలింది.

"రేపు తమ్ముడొస్తే ఈ డబ్బా నువ్వే ఇయ్యి. నేను చేన్ల ఉంట."

డబ్బా తీసుకెళ్లి గడప బయట పెట్టి వచ్చాను. వాడు లోపలికి రావాల్సిన పని లేదు.