అమ్మ గది అలారం

అమ్మా,

నువ్వు పోయి ఏడాదైందని అన్న పెట్టే తివసానికి కారమడై నుంచి పొద్దున్నే కోయంబత్తూరు వచ్చాను. కాఫీ అయినా తాగనివ్వకుండా అన్న ఇల్లంతా తిప్పి చూపించాడు. గదిగదికీ పొగ అలారం పెట్టి, అన్నిటినీ ఫోనుకు కలిపాడు. ఇక పొగ వస్తే లైట్లు వెలుగుతాయి, గ్యాస్ ఆగిపోతుంది, వీధి తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

"ఇంగ భయం లేదు పాపా, ఎల్లాం సేఫు" అన్నాడు.

నీ గదిలో అప్పుడూ ఒక అలారం ఉండేది. నువ్వు సాంబ్రాణి వేసినప్పుడల్లా అంగట్లో ఉన్న తన ఫోనులోనూ అరుస్తోందని, బేరం చెడుతోందని, శుక్రవారం సాయంత్రాలు అది మోగకుండా ఫోనులో పెట్టింది వీడే. నీ దుప్పటి మీద నిప్పు పడిందీ శుక్రవారం సాయంత్రమే. మోకాళ్ల నొప్పులతో నువ్వు మంచం దిగలేకపోయావు. పక్క గదిలో టీవీ చూస్తున్న వదినకు ఏమీ వినపడలేదు.

ఈరోజు నీ గదిలో, నీ ఫొటో ముందు వదిన సాంబ్రాణి వేసింది. ఇల్లు దద్దరిల్లింది. ఆకుల ముందు కూర్చున్న చుట్టాలు ఎంగిలి చేతులతోనే వీధిలోకి పరుగెత్తారు.

"సాంబ్రాణి పొగ దా, ఇంకేం లేదు, లోపలికి రాండి!" అని అన్న నవ్వుతూ పిలిచాడు. అందరూ మళ్లీ కూర్చున్నాక ఫోను తీసి, నీ గది అలారం ఒక్కటీ ఆపేశాడు.

"ఆ గదిలో ఇంగ ఎవురుండారు?" అన్నాడు.

"పోయిన ఏడు ఎవురుండిరన్నా?" అన్నాను.

వదిన వచ్చి నా ఆకులో ఇంకో వడ వేసింది.