కుడివైపు లేచే వెలుగు

భానుప్రసాద్ బావకు,

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

నీ పాత స్పోర్ట్స్ కారుకు నువ్వు తెచ్చిన ప్రొజెక్టర్ లైట్లు రోడ్డుకు కుడిపక్కన బండ్లు నడిపే దేశానివి. నా మెకానిక్ షాపు గోడ మీద వేసి చూపించాను. వెలుగు కుడివైపు పైకి లేచి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుందన్నాను. "ఎదురొచ్చేటోని కండ్లతోని నీకేం పనిరా? బిగియ్," అన్నావు. అక్క మొగుడివని బిగించాను. అది నా తప్పు.

మద్నూర్ రోడ్డులో ఆ వెలుగుకు దారి కనపడక, పెద్ద కొడప్‌గల్ రైతు ముత్తెన్న మోటారు సైకిల్‌తో సహా కాలువలో పడ్డాడు. నువ్వు ఆపలేదు. నిన్న దవాఖానకు వెళ్లి చూశాను. నడుము కింద కదలిక లేదు. "ఎవలి కారో తెల్వది బిడ్డా, అంత తెల్లగ కొట్టింది," అన్నాడు. నేను నీళ్లు తాగించి వచ్చేశాను.

పోలీసులు వాకబు చేస్తున్నారని తెలిసి, పాత లైట్లు తిరిగి బిగించమంటున్నావు. అవి ఇప్పుడు నా దగ్గర లేవు. ఈ పొద్దున స్టేషన్‌లో అప్పజెప్పి, కొత్తవి బిగించింది నేనేనని రాసిచ్చాను. నువ్వన్న మాట కూడా రాశాను.

అక్కకు నువ్వే చెప్పు.

నీ బామ్మర్ది,
బాన్సువాడ