మా ఇంటి ముందు కట్టేసిన భిక్షం ఎడ్లు

హైదరాబాదు,
12 జూన్ 1950.

శ్రీయుత బీద విద్యార్థుల వజీఫాల అధికారి గారి సముఖమునకు,

నల్లగొండ జిల్లా, కేతేపల్లి దగ్గరి గుర్రాలబండ గ్రామ కాపురస్థుడు బొడ్డుపల్లి గుర్వయ్య కుమారుడు, బి.ఎస్సీ. రెండవ సంవత్సరపు విద్యార్థి బుచ్చయ్య సమర్పించుకొను మూడవ అర్జీ.

విషయం: నా వజీఫా (విద్యార్థి వేతనం) దరఖాస్తు నెంబరు 412 తిరస్కరించబడుట, విచారణ రిపోర్టులో మావని రాయబడిన ఎడ్ల జత మాది కాకపోవుట, సదరు ఎడ్లను పోలీసు క్యాంపు నుండి వాటి సొంతదారుకు ఇప్పించుట గురించి.

అయ్యా,

ఇదివరకటి రెండు అర్జీలు తమ కచ్చేరి గేటు దగ్గర కూర్చునే రాతగాని చేత ఉర్దూలో రాయించాను. ఆయన తమ దయాగుణాన్ని రెండు పేజీలు పొగిడి, నా సంగతి చివర రెండు పంక్తుల్లో పెట్టాడు. రెంటికీ జవాబు రాలేదు. ఇప్పుడు తెలుగు అర్జీలు కూడా తీసుకుంటున్నారని విని ఇది నా చేత్తో రాస్తున్నాను. పొగడ్త తక్కువైతే మన్నించాలి.

1. తమ నిబంధనల ప్రకారం అయిదెకరాలకు మించిన భూమి గానీ, సొంత ఎడ్ల జత గానీ ఉన్న కుటుంబం బీద కుటుంబం కాదు. నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు. మాకున్నది ఎకరన్నర మెట్ట చెల్క. ఎడ్లు లేవు. ఒక మేక ఉండేది, నేను హాస్టల్లో చేరిన నాడు దాన్ని అమ్మారు. ఈ నెల ముప్పయ్యో తేదీ లోపల వజీఫా మంజూరు కాకపోతే హాస్టలు గది ఖాళీ చేయాలని నోటీసు అంటించారు. నోటీసులో పదకొండు పేర్లున్నాయి. నాది నాలుగవది.

2. దరఖాస్తు ఫారంలో తండ్రి వృత్తి అనే గడి ఉంది. మా నాయిన గుర్వయ్య నిరుడు సంక్రాంతికి ముందు నుంచి జైల్లో ఉన్నాడు. సంగం వాళ్లు పంచిన దొర భూమిలో ఆయన ఒక్క కారు జొన్న వేశాడు. కోత కాకముందే మిలిటరీ వచ్చింది, భూమి దొరకు పోయింది, మా నాయిన క్యాంపుకు, అక్కడి నుంచి జైలుకు పోయాడు. ఆయన కేసు విచారణ ఇంకా మొదలు కాలేదు. ఇది ఫారంలో రాయబోతే తమ గుమాస్తా గారు నా కలం పట్టుకున్నారు. "జైలు అని రాస్తే నీ కాగితం నా బల్ల దాటదు. సంగపోల్ల ఇండ్లకు వజీఫా లేదు. వ్యవసాయం అని రాయి," అన్నారు. నా మంచి కోరే అన్నారు. నేను రాశాను. కనుక ఈ మిసిలు కాగితాల్లో మొదటి అబద్ధం నాదేనని ఒప్పుకొంటున్నాను.

3. విచారణకు మనుషులు వస్తారని నేను ఇంటికి జాబు రాయలేదు. మా ఇంటికి వచ్చే జాబులను క్యాంపులో విప్పి చదువుతారు. గత ఏడు నేను కాలేజీలో ఆమ్లాలు కలపడం నేర్చుకుంటున్నానని సంతోషంగా రాశాను. ఆ జాబు పట్టుకొని, నీ కొడుకు బాంబులు చేస్తున్నాడా అని మా అమ్మ అండాలును క్యాంపులో పొద్దుగూకే దాకా కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి నేను జాబులు మానేశాను. ఈసారి కూడా రాయకపోవడం పూర్తిగా నా తప్పు. తరువాత జరిగినదంతా ఈ తప్పులోంచే వచ్చింది.

4. చైత్రమాసంలో తమ తరఫున రెవెన్యూ విచారణ చేసే గిర్దావరు గారు, ఒక బంట్రోతు జవాను మా ఊరికి దయచేశారు. ఊరి అధికారులైన మాలీపటేలు, పట్వారీ ఇద్దరూ సంగం నాటి నుంచి సూర్యాపేటలోనే కాపురముంటున్నారు గనుక వచ్చినవారు ఎవరో చెప్పగలవారు ఊళ్లో లేరు. గిర్దావరు గారు ఊరి మొదట్లో దుక్కి ముగించి ఎడ్లను దొడ్లో కట్టేసి వస్తున్న భిక్షం అనే మా వాడ రైతును ఆపి, బొడ్డుపల్లి బుచ్చయ్య ఇల్లెక్కడ, వయసెంత, ఏం చదువుతున్నాడు, అన్నదమ్ములెందరు, భూమి ఎంత అని అడిగారు. అడిగినంతసేపూ మర్యాదగా మాట్లాడారు.

అయ్యా, తమరు పట్టణవాసులు. మా వైపు ఈ ప్రశ్నలు ఈ వరుసలో అడిగేది పిల్లనిచ్చేవాళ్లు ఒక్కరే. సర్కారు మనుషులు మా ఊరికి ఇంతకుముందు చాలాసార్లు వచ్చారు. వాళ్లు ఇల్లెక్కడని అడగరు, వయసెంతని అడగరు. బూట్లతో వచ్చి గింజల గరిసెలు తిరగబోసి, పొయ్యి తవ్వి పోతారు. తెల్లబట్టలు కట్టుకొని మర్యాదగా అడిగిన మనిషి సర్కారు మనిషి కావచ్చునని భిక్షానికి తోచలేదు. తోచనందుకు నేను ఆయనను తప్పు పట్టలేను.

5. మా వాడలో ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చేవాళ్లు పిల్లగాని ఇల్లు చూడటానికి వస్తే, ఆ పూటకు ఆ ఇల్లు వాడ అందరిదీ. ఎవరి దగ్గర ఏది బాగుంటే అది తెచ్చి ఆ ఇంట్లో పెడతారు. భిక్షం కొడుకు సంబంధానికి మా మేక రెండు రోజులు వాళ్ల గుంజకే ఉంది. దీన్ని మోసమని ఎవరూ అనుకోరు. వచ్చినవాళ్లకూ తెలుసు, వాళ్ల ఊళ్లో వాళ్లూ ఇదే చేస్తారు. అడగగానే ఎడ్లు తెచ్చి కట్టే మనుషులు ఈ ఇంటికి ఉన్నారా లేరా అని మాత్రమే వాళ్లు చూసుకొని పోతారు.

ఆనాడు భిక్షం అతిథులను రచ్చకట్ట మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తెస్తానని చెప్పి దొడ్డిదారిన ఉరికాడు. అరగంటలో ఆయన ఎడ్లు మా ఇంటి ముందు గుంజకు కట్టి ఉన్నాయి. పక్కింటి మారెమ్మ రెండు ఇత్తడి బిందెలు తెచ్చింది. ఇంకొకరు సన్నబియ్యం, ఇంకొకరు కోడి. నాయిన జైలుకు పోయిన తరువాత మా గడప తొక్కిన చుట్టం లేడు. మా మేనమామ కూడా పెద్ద బాట వెంబడే పోతాడు గానీ మా వైపు తిరగడు. అటువంటి ఇంటికి పిల్లనిస్తామని ఎవరో వచ్చారు గనుక, వాడంతా తమ ఇంటి పండుగ అనుకున్నది.

6. మా నాయిన తల్లి నర్సింగమ్మ, వయసు సుమారు డెబ్బయి, గిర్దావరు గారికి ఇచ్చిన వాంగ్మూలము రిపోర్టు నకలు నుండియు, మా అమ్మ చెప్పిన దాని నుండియు ఈ క్రింద పొందుపరచడమైనది.

"ఎంత భూమి ఉన్నది అవ్వా?"

"పన్నెండెకరాలు బిడ్డ. గండ్ల నాలుగు తరి పొలం."

"గీ ఎడ్లు మీయేనా?"

"మాయి గాక ఎవలయి? మా గుంజకే ఉన్నయి జూస్తలేవా?"

"గుర్వయ్య ఏం జేస్తాండు?"

"పట్నంల సర్కారు నౌకరి. పండుగకు పబ్బానికి వస్తడు."

"రోజు గీ బియ్యమే తింటరా?"

"గట్క మా ఇంట్ల పసులకు గూడ పెట్టం."

ఆ సమయమున మా అమ్మ వంటింట్లో పొద్దుటి జొన్న గట్క కుండ మీద చేట బోర్లించి కూర్చొని ఉన్నది. గిర్దావరు గారు రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నారు. జవాను పిల్ల మేనమామ అయి ఉంటాడని ఆయనకు కూడా అంతే మర్యాద చేశారు.

7. భోజనానంతరము గిర్దావరు గారు ఇరుగుపొరుగు సాక్షి ఒకరు కావలెనన్నారు. భిక్షం ముందుకొచ్చి, "నేను సాచ్చెం. గీ ఎడ్లు గీ ఇంటియే, రోజు జూస్తున్న గద," అని బొటనవేలు ముద్ర వేశాడు. ఏ కాగితమని అడగలేదు. సంబంధం కుదిరేటప్పుడు కాగితం అడిగితే ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని తరువాత నాతో అన్నాడు.

మే నెల సెలవుల్లో నేను ఇంటికి పోతే మా అవ్వ ఈ సంగతంతా చెప్పింది. "జర పొట్టిగున్నడు గని మర్యాదస్తుడు. పిల్ల పొడుగుంటే సాలు," అన్నది. అయ్యా, నేను కూడా నమ్మాను. రెండు మూడు రోజులు పిల్ల ఎట్లా ఉంటుందో అనుకున్నాను. హైదరాబాదు వచ్చి తిరస్కరణ ఉత్తర్వు, దానితో జతపరచిన రిపోర్టు చదివిన తరువాతనే మా ఇల్లు చూసిపోయింది ఎవరో నాకు తెలిసింది. తమ కచ్చేరి వరండాలో ఆ కాగితం పట్టుకొని నవ్వాను. పక్కనున్నవాళ్లు నాకు వజీఫా వచ్చిందనుకొని మిఠాయి అడిగారు.

8. ఇంతటితో అయిపోతే నేను ఈ మూడవ అర్జీ రాసేవాణ్ణి కాదు. సదరు రిపోర్టు నకలు ఒకటి, నా ప్రవర్తన ధ్రువీకరణ నిమిత్తం, నియమం ప్రకారం మా దగ్గరి పోలీసు క్యాంపుకు పోయింది. జైల్లో ఉన్న సంగం మనిషి ఇంట్లో ఎడ్ల జత, ఇత్తడి బిందెలు ఎక్కడివి అని వాళ్లకు అనుమానం వచ్చింది. దొర గడి లూటీ నాటి సొత్తు అని తేల్చారు. మే ఇరవై ఆరున వచ్చి బిందెల కోసం మా ఇల్లంతా వెతికారు. ఎడ్లు భిక్షం ఇంటి దగ్గర దొరికాయి గనుక, సొత్తు దాచిపెట్టాడని కూడా రాసుకొని, ఎడ్లను క్యాంపుకు తోలుకుపోయారు.

ఎడ్లు తనవని భిక్షం మూడుసార్లు పోయి మొత్తుకున్నాడు. మూడుసార్లూ వాళ్లు ఆయన బొటనవేలు ముద్రే ఆయనకు చూపించారు.

నేను తమ గుమాస్తా గారిని ఆశ్రయించగా ఆయన మిసిలు తిప్పి చూసి ఇట్లా అన్నారు. "రిపోర్టు నిజమంటే ఎడ్లు మీయి. మీయైతే యాడికెల్లి వచ్చినయో జెప్పాలె, మీ నాయిన మీద ఇంకో కేసు. రిపోర్టు అబద్ధమంటే సర్కారుకు అబద్ధం జెప్పినందుకు ముసలామె మీద, గా భిక్షం మీద కేసు. ఏది రాసుకోవాల్నో నువ్వే జెప్పు బాబూ." ఆయన ఎగతాళికి అనలేదు. నాకు చాయ్ కూడా తెప్పించారు.

మొన్న శనివారం ఊరికి పోయి వచ్చాను. మృగశిర వచ్చింది. మా వైపు ఒక మంచి వాన పడింది. అందరి అరకలూ చెల్కల్లో ఉన్నాయి. భిక్షం తన నాలుగెకరాలు పారతో తవ్వుతున్నాడు, ఆయన భార్య వెనుక నుంచి గింజలు వేస్తున్నది. రెండు మూరల వెడల్పు కూడా కాలేదు. నేను గట్టు మీద నిలబడితే తల ఎత్తి చూసి, "ఫికర్ జెయ్యకు బుచ్చిగా. నీ పెండ్లికి ఇచ్చిననుకుంట," అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన మళ్లీ తవ్వుకోవడంలో పడ్డాడు.

9. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) వజీఫా నాకు వద్దు. నేను బీదవాణ్ణి కాదని తమ కచ్చేరి తేల్చినదాన్ని ఒప్పుకొంటున్నాను. పన్నెండెకరాలు కావాలంటే ఇరవై అని రాసుకోవచ్చును. ఎడ్లు మాత్రం మావి కావు.

(ఆ) పై మూడవ కలములో ఇంటికి జాబు రాయలేదని రాశాను. దాన్ని కొట్టివేసి ఈ విధంగా చదువుకోవలెను: "విచారణకు మనుషులు వస్తారని, పొరుగువారి ఎడ్లు తెచ్చి కట్టమని, సాక్షిగా భిక్షాన్ని నిలబెట్టమని నేనే జాబు రాశాను. మా అవ్వ, భిక్షం నేను చెప్పిన ప్రకారం చెప్పినారు, వారికి ఏమీ తెలియదు." అబద్ధం చెప్పించిన నేరం ఒకరి మీద ఉండవలసిందే అయితే ఆ ఒక్కరు నేను. వజీఫా కోసం ఎడ్లు లేవని చెప్పించవలసినవాడు ఉన్నాయని ఎందుకు చెప్పించాడని ఎవరైనా అడిగితే, వాడికి తెలివి తక్కువని రాయవచ్చును.

(ఇ) పై విధంగా రాసుకొన్న పక్షంలో భిక్షం వేలిముద్ర చెల్లదని క్యాంపుకు ఒక్క చీటీ పంపవలెను. వారం లోపల పంపితే రెండవ వానకు అందుతుంది. ఆపైన పంపినా ఎడ్లు ఎడ్లే గనుక పంపవలెను.

కాలేజీ నుంచి నా పేరు తీసివేయుటకు నాకు అభ్యంతరం లేదు. పుస్తకాలు గ్రంథాలయానికి అప్పగించి రసీదు తీసుకున్నాను, దానిని ఇందుతో జతపరుస్తున్నాను. పోలీసువారు ఎక్కడ హాజరు కమ్మంటే అక్కడ హాజరవుతాను. మా నాయిన ఉన్న జైలే అయితే మేలు, చూసి పదిహేడు నెలలయింది.

ఈ అర్జీ మొత్తము చిత్తగించవలెను. తమకు అంత తీరిక లేనియెడల తొమ్మిదవ కలము (ఇ) ఒక్కటి చిత్తగించవలెను.

ఈ నెల ముప్పయి దాకా విద్యార్థి, ఎప్పటికీ తమ విధేయుడు,
బొడ్డుపల్లి బుచ్చయ్య

తా.క.: మా అవ్వకు ఇంతవరకు నిజం చెప్పలేదు. క్యాంపువాళ్లు ఎడ్లను ఎందుకు తోలుకుపోయారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, భిక్షం చెప్పనివ్వలేదు. పిల్ల తరఫువాళ్లు మళ్లీ రాలేదేమని రోజూ అడుగుతున్నదట. మొన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "నువ్వు పట్నంలనే ఉంటవు గద, కనబడితే గాయిన్ని ఒక్క మాట అడుగు బిడ్డ. మనింట్ల ఏం తక్కువ గనబడ్డదట?" అన్నది. రిపోర్టు మొత్తం మళ్లీ చదివాను. తక్కువ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆమెకు ఏమని చెప్పమంటారు?