పాలగిన్నెలో నీలం

నవంబర్ 12, సోమవారం
పాలలో పిండి కలుపుతున్నాడు. ఎవరు? ఘాజియాబాద్ నుంచి మోటారుసైకిలుకు క్యాన్లు తగిలించుకొచ్చే రాంవీర్. ఋజువుంది. కరోల్ బాగ్ ఫుట్‌పాత్ మీద కొన్న కరపత్రంలో చెప్పినట్టే, మా పాలగిన్నెలో కాచి చల్లార్చిన పాలలో టింక్చర్ అయోడిన్ చుక్క వేశాను — నీలం. నీలమంటే పిండి ఉన్నట్టే. ఇన్నాళ్లూ "అస్లీ గేదె పాలు భయ్యా" అంటూ... ఒళ్లు మండిపోతోంది.

నవంబర్ 13
హిందీలో ఐదు పోస్టర్లు. మెట్ల దగ్గర, రీడింగ్ రూమ్ తలుపు మీద. మా గదిలో వంట నా రూమ్మేట్ చలపతిది. వాడికి చలనం లేదు. "పోస్టర్లు సరే, రేపు పెరుగుకి పాలెవరు తెస్తార్రా?"
దేశం ఒక దారి, వీడి పెరుగు ఒక దారి.

నవంబర్ 15
తొమ్మిది ఇళ్లు రాంవీర్ దగ్గర పాలు మానేశాయి. కింద ఓనర్ ఆంటీ భుజం తట్టింది, "శాబాష్ బేటా" అని. ఐఏఎస్ ఇంకా రాలేదు, సంస్కరణ మాత్రం మొదలైపోయింది.

నవంబర్ 16
ప్యాకెట్ పాలు. పైగా ఈ చలి. పెరుగు తోడుకోలేదు, తీగలు సాగుతోంది. చలపతి గరిటె పైకెత్తి చూపించాడు. రాంవీర్ పాలకైతే మీగడ చపాతీలా లేచేది...
ఉద్యమమన్నాక త్యాగాలుంటాయి. మజ్జిగనుకుని తాగేశాను.

నవంబర్ 18, ఆదివారం
పొద్దున్నే రాంవీర్ మెట్లెక్కి వచ్చాడు. కొట్లాటకేమోనని చొక్కా చేతులు మడిచాను. అతను క్యాన్ దించి, ఎదురుగా కాచి చూడమన్నాడు. టీ గిన్నెలో కాచాం. చల్లారేదాకా ముగ్గురం గిన్నె చుట్టూ కూర్చున్నాం. చుక్క వేశాను — పసుపు. మళ్లీ వేశాను. పసుపే.
మిగిలినవి మా పాలగిన్నెలో పోయమన్నాడు. పోశాను. వేశాను.
నీలం.
"ఇందులో ఇంకేం చేస్తారు భయ్యా?"
చలపతి గోడకేసి చూస్తున్నాడు. రాత్రి అన్నం వార్చిన గంజి అందులోనే పట్టి ఉంచుతాడట, కాటన్ చొక్కాలకి పెట్టుకోవడానికి. "పొద్దున్నే కడుగుతాన్రా." సబ్బుతోనా? "నీళ్లతో."
నాలుగు గేదెల్లో ఒకదాన్ని అమ్మకానికి పెట్టానన్నాడు రాంవీర్. తిట్టినా బాగుండేది.
అతను వెళ్లాక చలపతి — "పోస్టర్లు పీకేసి ఊరుకో. మన ముగ్గురికే కదా తెలుసు."

నవంబర్ 19
పీకేశాను. ఏమైందని ఆంటీ అడిగితే దగ్గు నటించాను. ఊరుకునేవాళ్లంటే నాకు పడదని ఈ డైరీలోనే ఎన్నిసార్లు రాశానో...

నవంబర్ 20
కొత్త పోస్టర్. మొదటిసారి "సాంకేతిక లోపం" అని రాశాను. చించేశాను. రెండోసారి తప్పంతా చలపతి మీద పెట్టాను. వాడు చదివి చించేశాడు. రేపు పొద్దున్న పాలు తెమ్మని రాంవీర్‌కి కబురు పంపాను. వస్తాననీ లేదు, రాననీ లేదు. చివరికి మెట్ల దగ్గర అంటించింది ఇది —

"రాంవీర్ పాలు మంచివి. అతని మీద తప్పుడు రాత రాసింది రెండో అంతస్తు కుర్రాణ్ణి, నేనే. గిన్నె మాది, గంజీ మాదే. రేపు ఉదయం ఏడు గంటలకు ఈ మెట్ల దగ్గర అందరి ముందూ పరీక్ష. అందరూ రండి. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోండి. కడిగి."